పాలతో మింగిన మందు

నా ఎడమకాలు నాకు మిగిలింది. మిగిలింది గనకే ఈ నాలుగు మాటలు కోపంగా రాస్తున్నాను. పోయుంటే ఏడుస్తూ రాసేదాన్నేమో, అసలు రాసేదాన్నే కాదేమో. నేను చదివింది నాలుగో తరగతి. అక్షరాలు వంకరపోతే పోనివ్వండి, జరిగింది మాత్రం వంకర లేకుండా చెబుతాను. మీ ఇంట్లో మంచాన పడ్డ మనిషి ఉండి, ఒక చేత్తో గొట్టంబిళ్ళ, రెండో చేత్తో పాలగ్లాసు పట్టుకుని మీరు ప్రేమగా నిలబడి ఉంటే, ఇది చదవడం అయ్యేదాకా ఆ గ్లాసు కింద పెట్టండి.

మా అత్తగారి ఊరు గురజాలకు బండి దూరం. పుట్టిల్లు క్రోసూరు వైపు. మాది మెట్ట వ్యవసాయం. కంది, జొన్న, బావి కింద కొద్దిగా మిరప. ఇంట్లో నేను, నా భర్త వెంకయ్య, మా అత్త, ఆడపడుచు రమణ, నా కొడుకు శీను. పాడికి ఒక గేదె. సాగర్ ఆనకట్ట కడుతున్న రోజులవి. మా నేలకు కాలవ నీళ్ళు వస్తాయని చెప్పుకోవడమే గాని ఇంకా రాలేదు.

కందికోతలప్పుడు

మాఘమాసంలో కంది కోశాం. కోసిన కందిచేలో నడిచినవాళ్ళకు చెప్పక్కర్లేదు. కొడవలి ఏటవాలుగా తెగ్గోసిన మోడు శూలంలా నిలబడి ఉంటుంది. కందికొయ్య అంటాం. మోపు నెత్తిన పెట్టుకుని గట్టు దిగుతూ జారాను. ఒక కొయ్య ఎడమ పిక్కలో దిగింది. లాగేశాను. పసుపు అద్ది, పాత గుడ్డ చించి కట్టుకుని, మోపు మళ్ళీ ఎత్తుకున్నాను. కందిచేలో కాలు గుచ్చుకోని ఆడది మా ఊళ్ళో ఉండదు, దానికెవరు పడుకుంటారు?

కొన్నాళ్ళకు పిక్క ఎర్రగా ఉబ్బింది. ఆముదపాకు వెచ్చజేసి కట్టారు. ఉల్లిపాయ కాల్చి కట్టారు. వేపాకు నీళ్ళతో కడిగారు. గజ్జల్లో బిళ్ళ కట్టింది, జ్వరం అందుకుంది, మోకాలు వంగడం మానేసింది. అప్పుడు సంచి డాక్టరును పిలిచారు.

ఆయన పేరు రాయను. రాస్తే ఆయనొక్కడే అనుకుంటారు. అలాంటివాళ్ళు ఆ రోజుల్లో ప్రతి నాలుగూళ్ళకూ ఒకరున్నారు. పట్నంలో ఏదో డాక్టరు దగ్గర మందులు కలిపేవాడట. తర్వాత ఒక తోలుసంచి, ఒక సైకిలు కొనుక్కుని తానే డాక్టరయ్యాడు. వచ్చి నాకు సూది వేసి, సంచిలోంచి పచ్చటి గొట్టంబిళ్ళలు తీశాడు. గొట్టంలో పొడి ఉంటుంది. అంతకుముందు నేనెప్పుడూ చూడలేదు.

"కొత్తగా వచ్చిన మందమ్మా. చీముకి యముడనుకో. మొహం మీద మొటిమల కాణ్ణుంచి మొండిపుండు దాకా దేనికైనా ఇదే," అన్నాడు.

మొటిమలనగానే వాకిట్లో జొన్నలు చెరుగుతున్న రమణ చేట ఆపింది.

"వేడి చేస్తదా బాబూ?" అని అడిగింది మా అత్త.

"చెయ్యదా మరి? ఇంగిలీషు మందు, నిప్పు గదా. అందుకే పాలతో వేసుకోవాల. నీళ్ళతో వేశారంటే పేగులు మాడిపోతయ్. పథ్యం పాలన్నం. గోంగూర, వంకాయ, ఊరుబిండి పచ్చడి గుమ్మం తొక్కగూడదు."

"ఎన్నాళ్ళు వెయ్యాల?"

"తగ్గిందాకా."

నేను నెల తప్పానేమో అడగలేదు. అంతకుముందు ఏ మందైనా పడక దద్దుర్లు లేచాయా అని అడగలేదు. పాలగేదె ఉందా అని మాత్రం అడిగాడు. ఉందంటే, "ఇంకేం, అదృష్టవంతులు," అన్నాడు.

మా అత్త చెడ్డమనిషి కాదు. చెడ్డమనిషైతే నాకింత కోపం ఉండేది కాదు, చెడ్డవాళ్ళను తిట్టేసి ఊరుకోవచ్చు. పొద్దున, సాయంత్రం గేదె పొదుగు దగ్గర్నుంచి నురుగు తీసిన పాలు నేరుగా నా మంచం దగ్గరకు తెచ్చేది. "లేవబాకమ్మా, కాలు కదిలిద్ది," అని నన్ను పడుకోబెట్టే తల కొద్దిగా ఎత్తి, బిళ్ళ నాలిక మీద వేసి, గుటకెడు పాలు పోసి మళ్ళీ దిండు మీదకు దించేది. బిళ్ళ గుండెల దగ్గర ఎక్కడో ఆగిపోయేది. ఆగినచోట నిప్పుకణిక పెట్టినట్టుండేది.

"అత్తా, మంట."

"చూశావా, వేడని చెప్పలా ఆయన? ఇంకాసిని పాలు తాగు."

తాగేదాన్ని. మంట పుట్టేకొద్దీ పాలు, పాలు పడేకొద్దీ మందుకు చావు. ఆ సంగతి అప్పుడు మాకెవరికీ తెలియదు. తెలిసినవాడు వీధిలో సైకిలు బెల్లు కొట్టుకుంటూ తిరుగుతున్నాడు. లేదా వాడికీ తెలియదు. తెలియకుండా ఇవ్వడం, తెలిసి చెప్పకపోవడం, రెండిట్లో ఏది పెద్ద పాపమో నేనిప్పటికీ తేల్చుకోలేదు.

సూది మహిమో ఏమో, జ్వరం కొద్దిగా దిగింది. "తగ్గింది," అంది మా అత్త. తగ్గిందాకా అన్నాడు గదా, తగ్గింది గదా. మిగిలిన బిళ్ళలు గుడ్డలో మూటగట్టి, ఇంకెప్పుడైనా పనికొస్తాయని ఉట్టి మీద పెట్టింది.

మిరపకోతలప్పుడు

ఉగాది ముందు మిరపపళ్ళు కోసే రోజుల్లో నేను మళ్ళీ పడ్డాను. ఈసారి పిక్క నల్లబడి, గుచ్చుకున్న చోట నోరు తెరిచింది. చీము కారడం మొదలైంది. ఉట్టి దించి మూట విప్పితే అందులో బిళ్ళలు సగం లేవు.

సంగతి రమణ మొహం చెప్పింది. దాని బుగ్గల నిండా మొటిమలు. కోతల్లో ఆడవాళ్ళు ఊరుకుంటారా, "ఏమే రమణా, మొహం మీద మిరపనారు పోశావా?" అని ఒకటే నవ్వు. అది ఎవరికీ చెప్పకుండా ఆ బిళ్ళలు తీసుకుపోయి, చేలో బావినీళ్ళతో మింగుతూ వచ్చింది. పొద్దస్తమానం నెత్తిన గుడ్డ కూడా లేకుండా ఎండలో కోతకు వంగేది. మొటిమలు ఎండిపోయాయి, నిజమే. వాటితో పాటు మొహం, చేతులు కాల్చిన వంకాయలా కమిలి పొరలు లేచాయి.

"నీ జబ్బు దానికీ అంటించావు," అంది మా అత్త నాతో.

"నేనెట్టా అంటించానత్తా? మంచం దిగి ఎన్నాళ్ళయింది?"

"గాలికి అంటుకోదా?"

రమణ గుమ్మం పక్కన నిలబడి అంతా వింది. మొహం చీరచెంగులో దాచుకుంది గాని, నేను బిళ్ళలు తీశానమ్మా అన్న ఒక్క మాట దాని నోట రాలేదు.

సంచి డాక్టరు మళ్ళీ వచ్చాడు. పుండు చూసి ముక్కు చిట్లించి, కొత్తగా బిళ్ళలు ఇచ్చి, నావైపు గాక మా అత్తవైపు చూసి అన్నాడు: "పథ్యం తప్పింది. మందు తప్పు గాదు. మీ కోడలు నోరు కట్టుకోలేదు."

ఆ మాటతో ఇల్లంతా తిరగబడింది. మా అత్త వంటింట్లోకి పోయి జాడీలన్నీ మూతలు తీసి చూసొచ్చింది. గోంగూర పచ్చడి తగ్గిందట. తగ్గదా? ఇంట్లో అందరూ అన్నాలు తింటున్నారు. తినంది నేనొక్కదాన్నే. పాలన్నం తినీ తినీ నాలిక మీద బూజు పట్టినట్టుంది నాకు.

నా భర్త వచ్చి మంచం దగ్గర నిలబడ్డాడు. "తింటే తిన్నానని చెప్పు. నేనేం కొట్టను."

"తినలా."

"మరి జాడీలో పచ్చడి ఏమైంది?"

"జాడీని అడుగు."

"పిల్లోడి తల మీద చెయ్యి పెట్టి చెప్పమనరా," అంది మా అత్త వంటింట్లోంచే. "తేలిపోద్ది."

శీనును తీసుకొచ్చి నా మంచం పక్కన నిలబెట్టారు. వాడు నా మొహం వైపు చూడలేదు. కాలు వైపు చూసి రెండు చేతులతో ముక్కు మూసుకున్నాడు. ఆ చూపు నాకు కందికొయ్య కంటే లోతుగా దిగింది.

"నా బిడ్డ తలని నీ పచ్చడి జాడీకి తాకట్టు పెట్టను," అన్నాను నా భర్తతో. "పో, తీసకపో వాణ్ణి."

"విన్నావా? తిన్నది గనకే ఒట్టుకి వెనకాడింది," అంది మా అత్త.

నా భర్త శీనును బయటికి తీసుకుపోయాడు. నమ్మాడు. తన తల్లిని కాదు, సంచి డాక్టర్ని కాదు, ఒక జాడీని నమ్మాడు. ఆ రోజు నుంచి వంటింటి తలుపుకు గొళ్ళెం పడింది. పచ్చడి నాకు అందకుండా! మంచం దిగలేని మనిషికి!

నేను మాత్రం మరింత పంతంగా పథ్యం చేశాను. పాలు, పాలన్నం, పాలతో బిళ్ళ. ఎంత నిష్ఠగా చేస్తే అంత త్వరగా కాలు కుళ్ళింది.

ఎండలు ముదిరాక

మా అన్న అంజయ్య మాచర్ల దగ్గర నాపరాళ్ళ క్వారీలో పనిచేస్తాడు. చైత్రంలో పని లేని రోజు చూసుకుని నన్ను చూడ్డానికి వచ్చాడు. వాకిట్లో అడుగుపెట్టి నా భర్తతో, "బావా, ఇంటి చుట్టుపక్కల ఎలకేమన్నా చచ్చిందా? చూడరాదా?" అన్నాడు.

లోపలికి వచ్చి నన్ను చూశాక వాడికి అర్థమైంది.

"డాక్టరు చూస్తానే ఉన్నాడులే బావా," అన్నాడు నా భర్త.

"చూస్తానే ఉన్నాడు. తిరణాలకొచ్చినోడు కూడా చూస్తానే ఉంటాడు," అన్నాడు మా అన్న. ఇంకో మాట లేకుండా నన్ను ఎత్తి బండిలో వేసుకుని గురజాల స్టేషనుకు తోలించాడు. నా భర్త వెనకే నడిచాడు. మా అత్త గేటు దాకా వచ్చి, "పాలు ఎట్టా మరి? అక్కడ పాలెవురిస్తారు?" అంటూ ఏడ్చింది. నిజంగానే ఏడ్చింది. నేను బతకాలనే ఆమె కోరిక. ఆ కోరికే నన్ను చంపుతోంది.

రైలు పెట్టెలో మేమెక్కిన వైపు జనమంతా రెండో వైపుకు జరిగారు. కొంగులు ముక్కులకు అడ్డం పెట్టుకున్నారు. ఒక గాజులమ్ముకునే సాయిబులావిడ మాత్రం బెంచీ మీదున్న తన గంప దించి కింద పెట్టుకుంది. "కాలు చాపుకో తల్లీ. సిగ్గెందుకు, కంపు నీది గాదు, చీముది," అంది. నరసరావుపేట దాకా నా మడమ కింద తన దుప్పటి మడత పెట్టి ఉంచింది. దిగేటప్పుడు ఆ దుప్పటి తీసుకుని దులుపుకుని వెళ్ళిపోయింది. ఆమె ఎవరో, ఏ ఊరో నాకు తెలియదు. నా మనుషులు ముక్కు మూసుకున్న కాలికి ఆమె దుప్పటి వేసింది.

నరసరావుపేట పెద్దాసుపత్రి వరండాలో పొద్దెక్కేదాకా కూర్చున్నాం. బల్లల మీద చోటు లేక నేల మీదే పడుకోబెట్టారు. పక్కన నూజెండ్ల నుంచి వచ్చిన కరుణమ్మ అనే ఆవిడ ఉంది. వాళ్ళాయన్ని ఎద్దు పొడిచిందట, వార్డులో ఉన్నాడు. ఆమె నా తల చూసి, "ఎన్నాళ్ళయిందమ్మా దువ్వి?" అని అడక్కుండానే కూర్చుని చిక్కులు తీయడం మొదలుపెట్టింది.

"కాలు పోయేట్టుందక్కా, జుట్టెందుకు?" అన్నాను.

"కాలు సంగతి డాక్టర్లు చూసుకుంటారు. జుట్టు సంగతి చూసేవాళ్ళెవురు?" అంది.

పెద్ద డాక్టరు వచ్చి కట్టు విప్పి, వేలితో నొక్కి, లోపలి చీమునంతా తీయించాడు. ఎంత నొప్పో రాయను. తర్వాత గుమ్మంలో నిలబడి మా అన్నతో, నా భర్తతో చెప్పాడు. మెల్లగానే చెప్పాడు గాని నాకు ప్రతి ముక్కా వినబడింది. "కుళ్ళు ఎముక పట్టిందంటే మోకాలి కింద తీసెయ్యాలి. ఈ వారం చూద్దాం. మందుకు లొంగితే సరి, లేకపోతే ప్రాణం ముఖ్యం గదా."

కాలు లేని ఆడది మెట్టపొలం ఇంట్లో ఏం చేస్తుందో నాకు తెలుసు. మంచంలో కూర్చుని అందరి చేతుల వంకా చూస్తుంది. వంటింటి గొళ్ళెం కూడా తీయించుకోలేదు.

వార్డులో మందులిచ్చేది ఒక చిన్న డాక్టరమ్మ. ఆమె నా అరచేతిలో బిళ్ళ పెట్టింది. చూశాను. అదే. పచ్చటి గొట్టం! నా ఒళ్ళు మండిపోయింది.

"ఈ దరిద్రం నాకొద్దు," అని విసిరికొట్టాను. "ఇదే మింగీ మింగీ ఇట్టా అయ్యాను."

ఆమె కోప్పడలేదు. బిళ్ళ ఏరుకుని నా మంచం మీద కూర్చుంది. "ఇదే మింగావా? ఎన్నాళ్ళు?"

"చాన్నాళ్ళు. మధ్యలో ఆపి, మళ్ళీ."

"దేంతో మింగావు?"

నన్ను ఆ మాట అడిగిన మొదటి మనిషి ఆమె.

"పాలతో. ఎప్పుడూ పాలతోనే. పథ్యం ఒక్క పూట తప్పలేదు, నా బిడ్డ తోడు," అన్నాను. ఇంట్లో వెయ్యని ఒట్టు అక్కడ దానంతటదే వచ్చింది, నమ్ముతుందో లేదోనన్న భయంతో.

"ఎవరు చెప్పారమ్మా పాలతో వేసుకోమని?"

"డాక్టరే."

"పసుపులో సున్నం కలిపితే ఏమవుద్ది?"

"ఎర్రబడుద్ది. పారాణి అయిద్ది."

"మళ్ళీ పసుపు చేయగలవా దాన్ని? పాలల్లో కూడా సున్నంలాంటిది ఉంటుంది. ఈ మందు దానికి తగిలిందంటే దాన్ని పట్టుకుని కూర్చుంటుంది. వంట్లోకి పోదు. పొట్టలోంచి అట్నుంచటే బయటికి పోతుంది. పాలైనా, పెరుగైనా, మజ్జిగైనా అంతే. నువ్వు మింగావు గాని నీ కాలికి అందింది ఏ కొంచెమో."

"గోంగూర?" అన్నాను. నాకు అదే తెలుసుకోవాలని ఉంది.

"నీళ్ళతో మందు మింగి, గంట ఆగి గోంగూర అన్నం తిన్నా కాలు ఇంతదాకా వచ్చేది కాదేమో."

అప్పుడు ఏడ్చాను. నొప్పికి ఏడవలేదు, పెద్ద డాక్టరు మాటకు ఏడవలేదు. తినని పచ్చడికి దొంగనయ్యాను, తాగిన పాలకు కుంటిదాన్ని కాబోతున్నాను. ఆ అన్యాయానికి ఏడ్చాను. కరుణమ్మ నా నోట్లో కొంగు కుక్కకుండా, "ఏడువు తల్లీ, గట్టిగా ఏడువు, వార్డంతా విననీ," అంది.

డాక్టరమ్మ నన్ను లేపి కూర్చోబెట్టింది. అన్నానికి చాలా ముందే, నిండు గ్లాసు నీళ్ళతో మింగించింది. మింగాక కాసేపు పడుకోనివ్వలేదు. ఆ మంట వేడి వల్ల కాదట, పడుకుని గుటకెడుతో మింగిన బిళ్ళ గొంతుగొట్టంలో ఇరుక్కుని అక్కడే కరిగి కాల్చిందట. పాలు మానమనలేదు, మందుకూ పాలకూ మధ్య బాగా ఎడం ఉంచమంది. నెల తప్పానేమో అడిగింది. తప్పలేదన్నాకే ఇచ్చింది, కడుపులో బిడ్డకు మంచిది కాదట. శీను వయసు పిల్లలకు దగ్గొచ్చినా, గడ్డొచ్చినా ఇది పొరపాటున కూడా పెట్టొద్దంది, వచ్చే పళ్ళు జన్మంతా పచ్చగా మచ్చపడి ఉంటాయట. రమణ సంగతి చెబితే నుదురు కొట్టుకుంది. మొటిమలకు ఇస్తాం నిజమేగాని, ఇది మింగేవాళ్ళు ఎండకు ఒళ్ళు చూపకూడదు, ఒకరికి ఇచ్చింది ఇంకొకరు మింగకూడదంది. జ్వరం తగ్గిందని ఆపితే మిగిలిన చీము ముదురుతుందట. ఇక దాచిపెట్టి పాతబడ్డ బిళ్ళలైతే మూత్రపిండాలకే ఎసరట.

ఇన్ని మాటలు! పోనీ ఇందులో ఒక్కటైనా, నీళ్ళతో మింగు అన్న ఒక్క మాట, ఆ తోలుసంచిలో పట్టలేదా?

రెండు మూడు రోజులకు మా అత్త వచ్చింది. గురజాల నుంచి రైల్లో, ఒళ్ళో కేనులో పాలు పెట్టుకుని, చుక్క తొణక్కుండా. సరిగ్గా నేను బిళ్ళ అరచేతిలో పెట్టుకుని కూర్చున్న వేళకే వచ్చింది. పక్కన నీళ్ళగ్లాసు చూసి గుండెలు బాదుకుంది.

"నీళ్ళతోనా! పిల్లని కాల్చి చంపుతున్నారు. వెంకయ్యా, నువ్వు చూస్తా కూర్చున్నావురా?"

"వద్దత్తా. ఇప్పుడు పాలొద్దు. డాక్టరమ్మ వద్దంది."

"డాక్టరమ్మకి పెళ్ళయిందా, పిల్లలున్నారా? ఏం తెలుసు ఆమెకి? తాగు."

గ్లాసు నా పెదాలకు ఆనించింది. నా భర్త, "అంత దూరం మోసుకొచ్చింది, ఒక్క గుక్క తాగరాదా?" అన్నాడు.

ఒక్క గుక్క! నేను చెయ్యి విసిరాను. గ్లాసు ఎగిరి పాలన్నీ మంచం మీద, మా అత్త చీర మీద, నేల మీద పడ్డాయి. వార్డు మొత్తం ఇటు తిరిగింది.

"పాలు నేలపాలు చేసింది! లచ్చిమిని తోసేసింది!" అంది మా అత్త. నా భర్త చెయ్యి లేచింది.

"దించయ్యా చెయ్యి," అంది కరుణమ్మ, మంచానికి అడ్డంగా వచ్చి. "మొగోడివే, తెలుసుగాని. ఆ చేత్తో నేల తుడువు ముందు, ఎవురన్నా జారిపడతారు."

ఎవరో నవ్వారు. నా భర్త చెయ్యి దిగింది.

"లచ్చిమిని కాదత్తా, నా కాలు కోసే రంపాన్ని తోశాను," అన్నాను. "ఈ వారం ఈ మందు నా కాలికి అందితే కాలుంటది. నీ పాలకు అందితే కాలుండదు. ఏది కావాలో నువ్వే చెప్పు."

డాక్టరమ్మ వచ్చి పసుపు, సున్నం మాట మళ్ళీ చెప్పింది. మా అత్త విన్నది. పసుపు, సున్నం తెలియని మనిషి కాదు. చివరికి, "మరి డాక్టరే చెప్పాడు గదా," అంది, గొంతు తగ్గించి.

"ఎవరమ్మా ఆ డాక్టరు?" అంది ఆమె. మా అత్త పాలు పడ్డ కుచ్చిళ్ళు పిండుకుంది.

నేను వదల్లేదు. వార్డంతా వింటుండగా అడిగాను. "అత్తా, నేను గోంగూర తిన్నానా?"

"ఇప్పుడా ముచ్చటెందుకే? నీ కాలు బాగుపడనీ."

అంతే. తప్పయిందనలేదు. ఇప్పటికీ అనలేదు. నా భర్త ఆ రోజు నుంచి వేళకు నీళ్ళగ్లాసు ఇచ్చాడు, వీపు వెనక దిండు పెట్టి కూర్చోబెట్టాడు. మంచివాడయ్యాడని మురిసిపోయి రాయను. భార్యకు గ్లాసెడు నీళ్ళివ్వడానికి రంపం మాట వినాల్సొచ్చింది.

వారం చివర పెద్ద డాక్టరు వచ్చాడు. కట్టు విప్పారు. నేను కళ్ళు మూసుకున్నాను. వేలు నొక్కుతుంటే నొప్పి తెలుస్తోంది, అది మంచిదో చెడ్డదో తెలియడం లేదు. కరుణమ్మ నా చెయ్యి పట్టుకుని నోట్లో ప్రార్థన చదువుకుంటోంది.

"ఎర్రగా మాంసం వస్తోంది," అన్నాడాయన. "ఉంచేద్దాం."

ఉంచేద్దాం! ఇంట్లో పాత కుర్చీ గురించి అన్నట్టు అన్నాడు. నాకు ఆ మాట కంటే తియ్యటి మాట ఇంతవరకు ఎవరూ అనలేదు.

తొలకరికి

ఇంటికొచ్చాక కూడా ఇచ్చిన బిళ్ళలు చివరిదాకా, జ్వరం లేకపోయినా, నీళ్ళతో, కూర్చుని మింగాను. పిక్కలో నిమ్మకాయ పట్టేంత గుంట మిగిలింది. నడక కొద్దిగా కుంటు. తొలకరి పడి విత్తనాలు వేసే వేళకు కర్ర లేకుండా వాకిట్లోకి రాగలిగాను.

వచ్చిన మొదటి రోజే ఎదురింటి అరుగు మీద సంచి డాక్టరు కనిపించాడు. చుట్టూ ఆడవాళ్ళు. నన్ను చూసి లేచి నిలబడి, చెయ్యి చాపి నన్నే చూపించాడు.

"చూడండమ్మా! వెంకయ్య భార్య. కాలు తీసేస్తామన్నారంట. చివరికి పెద్దాసుపత్రిలో ఇచ్చిందేంది? నేనిచ్చిన మందే! కావాలంటే అడగండి. ఏమ్మా, అదే గదా?"

అదే. అబద్ధం కాదు. నా రెండు కాళ్ళ మీద నేను నిలబడి ఉండటమే వాడికి సాక్ష్యమైంది. కుంటుకుంటూ ఆ అరుగు దాకా పోయాను.

"నువ్విచ్చిన మందే," అన్నాను. "నువ్వు చెప్పిన పాలే దాన్ని చంపినయ్. నీళ్ళతో మింగితే పనిచేసింది."

"పాలు చంపుతయ్యా?" అన్నాడు అందరి వంకా చూసి. "పాలు తాగి చచ్చినోణ్ణి ఎవురన్నా చూశారా?"

అందరూ నవ్వారు. మా అత్త మా గుమ్మంలో నిలబడి ఉంది. ఆసుపత్రిలో విన్నది ఒక్క ముక్క చెబితే చాలు, ఆమె మాటకు ఊళ్ళో విలువుంది. ఆమె చేటలో రాళ్ళు ఏరుతున్నట్టు తల వంచుకుని లోపలికి పోయింది.

వాడు సైకిలెక్కి కింది వీధికి మళ్ళాడు. నేనూ నడిచాను. సాలెవాళ్ళ పెళ్ళీడు పిల్ల సుబ్బులుకు మెడ మీద సెగ్గడ్డ లేచిందని అప్పటికే విన్నాను. సైకిలు వాళ్ళ ఇంటి ముందే ఆగింది. నేను చేరేసరికి పచ్చటి బిళ్ళ సుబ్బులు చేతిలో ఉంది. వాళ్ళమ్మ పాలగ్లాసు తెస్తోంది.

"నా వెంట ఎందుకు పడ్డావమ్మా?" అన్నాడు వాడు.

"నీ సంచి యాడ తెరుచుకుంటే ఆడ నా నోరు తెరుచుకుంటది," అన్నాను. "సుబ్బులూ, పాలతో వెయ్యబాకమ్మా. నీళ్ళతో వేసుకో. నిండు గ్లాసు. కూర్చుని."

ఆ పిల్ల బెదిరిపోయింది. "ఎవురి మాట వినాల ఒదినా? ఆయన డాక్టరు గదా."

వీధిలో మగవాళ్ళున్నారు. ఉంటే ఉన్నారు. నేను చీర మోకాలి దాకా ఎత్తి ఎడమకాలు ఆ పిల్ల ముందు పెట్టాను. "వేలు పెట్టి చూడు ఆ గుంటలో. ఎంత లోతుందో చూడు. దాని నిండా పాలు పోశారమ్మా నాకు."

సుబ్బులు వేలు పెట్టింది. వెంటనే తీసేసుకుంది. వాళ్ళమ్మ పాలగ్లాసు చూరు కింద పెట్టి, కడవలోంచి చెంబుతో నీళ్ళు ముంచింది.

వాడు సంచి మూసి సైకిలెక్కాడు. పై వీధిలో ఇంకా రెండిళ్ళు చూడాలట. నేను చీర దించుకుని వాడి వెనకే బయల్దేరాను. వాడికి సైకిలుంది. నాకు రెండు కాళ్ళున్నాయి.